భారతానికి ఆయుధాలు చేసే తమ్ముళ్ళకు చిట్కాలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊరు మీదైతే, ఏదో ఒక ఏడు ఆయుధాల పని మీ నెత్తిన పడుతుంది. ఆ గుళ్ళలో జరిగే భారతం ఉత్సవమంటే పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చాలాచోట్ల 18 రోజులు. ఈ భారతమంటే నాకు ప్రాణం. అందుకే చెబుతున్నా: ఆయుధం అసలుదానిలా ఉండాలి, మీ ఒంటికి మాత్రం చెమట పట్టకూడదు.

1. గద బరువుగా చేయండి. కొయ్య తెచ్చి, చెక్కి, రంగులేసే ఓపిక ఎవరికుంది? ఇనుప పైపు చివర సిమెంటు ముద్ద పెట్టి ఎండేస్తే పూటలో పని తీరిపోతుంది. భీముడు ఎత్తలేకపోతే తప్పు వేషగాడిది. రాత్రంతా కిరీటం, భుజకీర్తులు మోసినవాడు, తెల్లారి దుర్యోధన వధకు ఆ గద భుజానేసుకుని దుర్యోధనుడి మట్టిబొమ్మ చుట్టూ నాలుగడుగులు వేస్తే కూలబడతాడు. గంటలు పట్టే వధ పది నిమిషాల్లో అయిపోతుంది. సాయంత్రం నిప్పులగుండం దాకా మీరు నిద్రపోవచ్చు.

2. కత్తికి థర్మాకోల్ చాలు, వెండి కాగితం అంటించండి. పాతకాలం యుద్ధాల్లో ఒంటిచేత్తో తిప్పిన కత్తులు చాలావరకు కిలో, కిలోన్నర మధ్యే ఉండేవి. ఆ సంగతి బయటికి పొక్కనీయకండి. "40 కిలోలు" అనండి. గట్టిగా చెబితే తక్కెడ తెచ్చేవాడుండడు. ఈ మెరుపేందని అడిగితే "కోనసముద్రం ఉక్కు" అనండి. నిజామాబాద్ వైపు ఆ ఊరి ఉక్కు పర్షియా దాకా పోయిన మాట నిజమే. దానికీ ద్వాపరయుగానికీ ఏం సంబంధమని అడిగేలోపు తెర పట్టేవాళ్ళను కేకేయండి.

3. విల్లు అసలు చేయొద్దు. తపస్సు ఘట్టంలో తపసుమాను అనే పొడవాటి మాను ఎక్కే అర్జునుడికి రెండు చేతులూ కావాలి. పాశుపతం అడగడానికి పోయేవాడికి ముందే ఆయుధమెందుకని పెద్దల్నే ఎదురడగండి. కిరాతుడితో పోరు వస్తే కుస్తీ పట్టించండి, కథలో అదీ ఉంది.

4. బాణాలకు చీపురుపుల్లలు.

5. పాత ఆయుధాలు గుడి అటక మీద ఉంటే దించనీయకండి. తాతల నాడు చెక్కిన గద పక్కన పెడితే మీ సిమెంటు బయటపడుతుంది. చెదలు పట్టాయని చెప్పేయండి.

6. ఉభయదారుల దగ్గర, అంటే ఉత్సవం ఖర్చు భరించే దాతల దగ్గర, డబ్బు మొదటి రోజే తీసుకోండి. భీముడు గద ఎత్తాక అడిగితే ఇవ్వరు.