గంటల ఓనరు

ఒక్కటంటే ఒక్క జేసీబీ ఉన్న మనిషిని పెళ్ళిపందిట్లో కూడా పట్టేయొచ్చు. పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేస్తాడు. బ్యాండుమేళం హోరులోంచి, రెండు వీధుల అవతలి ఇంజను చప్పుడుకి చెవి ఒగ్గి, "మనదే. వీడు మళ్ళీ రేజింగు ఎక్కువ పెట్టాడు" అని పక్కాయనకి చెబుతాడు. పక్కాయనకి జేసీబీ లేదు కాబట్టి అప్పడం విరుచుకుంటాడు.

కృష్ణా జిల్లాలో ఏ మండలానికి వెళ్ళినా ఇలాంటాయన ఒకరు తగులుతారు. అరెకరం అమ్మి, ఇంటావిడ గొలుసు బ్యాంకులో పెట్టి, డౌన్ పేమెంటు కట్టి, మిగతాది ఫైనాన్సులో తెచ్చుకున్న పసుపుపచ్చ బండి. అద్దం మీద "అమ్మానాన్నల దీవెనలతో". వెనక బూముకి నల్లతాడు, నిమ్మకాయలు, ఒంటి చెప్పు. ఆయన అసలు పేరు ఓటరు లిస్టులో తప్ప ఎక్కడా వినపడదు. ఇంటావిడ కూడా ఫోనెత్తి "ఓనరు గారు సైటు మీదున్నారండీ" అంటుంది.

చరిత్ర కూడా కొంత తెలుసు. జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఇంగ్లీషాయన పేరనీ, ఆయన 1945లో కంపెనీ మొదలెట్టాడనీ, మన దేశానికి 1979లో వచ్చి హర్యానాలో బల్లభ్‌గఢ్‌లో ఫ్యాక్టరీ పెట్టారనీ టీకొట్టు దగ్గర తడుముకోకుండా చెబుతాడు. ఎయిర్ ఫిల్టరు ఆఖరుసారి ఎప్పుడు మార్చారండీ అని అడిగితే మాత్రం, టీలో పంచదార తక్కువైందని కొట్టువాడి మీద పడతాడు.

బండి అద్దె గంటకి 1,200. దాంతో ఆయన లోకంలో రూపాయి చెల్లడం మానేసి గంట చెలామణిలోకి వచ్చింది. కూతురి కాలేజీ ఫీజు డెబ్బై గంటలు. బీపీ మాత్రలు నెలకి ముప్పావు గంట. బావమరిది కొడుకు పెళ్ళికి చదివింపులు గంటన్నర. వాళ్ళు మనకి గంటే పెట్టారు, అయినా పెద్దరికం ఉండాలిగా. తిరపతి పన్నెండు గంటలు పట్టిందంటే క్యూలో నిలబడ్డ టైము అనుకునేరు. అయిన ఖర్చు.

ఇంత లెక్క తెలిసిన మనిషికి ఇంజనాయిలు విషయంలో మాత్రం అంకెలు కనపడవు. మార్చాల్సిన గంటలు దాటి నెలయిందని ఆపరేటరు గుర్తుచేస్తే, "నల్లబడిందేగానీ పల్చబడలేదుగా" అంటాడు. ఆ మాటకి అర్థం ఏమిటో ఆపరేటరుకి ఇప్పటికీ తెలియదు.

సంక్రాంతి వెళ్ళాక బండి నీలంగా పొగ వదలడం మొదలెట్టింది. నల్లపొగంటే గాలి చాలకో, డీజిలు ఎక్కువయ్యో అనుకోవచ్చు. నీలంపొగ వస్తే ఇంజను లోపల ఆయిలు కాలుతున్నట్టే. ఈ సంగతి ఆపరేటరుకి తెలుసు, టీకొట్టువాడికి తెలుసు, ఆ దారిన బడికి పోయే పిల్లలకి కూడా తెలిసే ఉంటుంది. ఓనరు గారు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని సైలెన్సరు వైపు చాలాసేపు చూసి, "మంచు" అన్నారు.

"రోజూ లీటరు ఆయిలు తాగుతోందండీ" అన్నాడు ఆపరేటరు.

"నువ్వు తాగట్లా?"

ఆపరేటరు మళ్ళీ ఆ ప్రస్తావన ఎత్తలేదు.

చివరికి విజయవాడ ఆటోనగర్ నుంచి మేస్త్రిని పిలిపించారు. పెద్దాయన. బండి స్టార్టు చేయించి, ఆయిలు పోసే మూత విప్పి, దాన్ని బోర్లించి ఆ కన్నం మీదే పెట్టాడు. మూత టకటకమని ఎగిరి చాసిస్ మీద పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది.

"బ్యాక్ కంప్రెషను కొడుతోందండీ. రింగులు అరిగిపోయినయ్. ఇంజను బోరుకొచ్చింది."

"గాలికి ఎగిరిందేమో మేస్త్రీ. ఇవాళ పడమటి గాలి గట్టిగా ఉంది."

మేస్త్రి గాలికేసి చూశాడు. టీకొట్టు మీద జెండా ఏమాత్రం కదలకుండా వేలాడుతోంది. దారిఖర్చులు అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి రెండో అభిప్రాయాల సీజను. ఊళ్ళో ఆరెంపీ చెప్పిన జబ్బు నచ్చక గుంటూరు పోయి పెద్ద డాక్టరుకి చూపించుకున్నట్టు, ఓనరు గారు సైలెన్సరు వీడియో తీసి తెలిసిన ప్రతి బండి ఓనరుకీ పంపారు. ఒకాయన చిక్కటి ఆయిలు పొయ్యమన్నాడు. ఇంకొకాయన ఆయిల్లో కలిపే మందు డబ్బా ఒకటి చెప్పాడు. మూడో ఆయన దిష్టి అన్నాడు. మూడూ చేశారు. గుమ్మడికాయ కొట్టిన రోజు పొగ కాస్త తగ్గిందని ఓనరు గారు ఇప్పటికీ అంటారు. ఆ రోజు అమావాస్య, బండి పనికే పోలేదని ఆపరేటరు అంటాడు.

నవ్వుకోవడానికి బానే ఉంటుంది గానీ, ఆయన పక్కన ఓ పూట కూర్చుంటే తెలుస్తుంది. బండికి తిండి దొరికేది ఎండలున్నన్నాళ్ళే. కైకలూరు వైపు చేపల చెరువుల గట్లు, ఊరి చెరువు పూడికలు, రోడ్డు పక్క వెంచర్ల చదును, అన్నీ వానలు పడేలోపే. అప్పుడు ఇంజను విప్పితే పని పక్క బండికి పోతుంది. వానలు పడ్డాక విప్పుదామంటే చేతిలో డబ్బుండదు. పంచాయతీకి చేసిన పని బిల్లు పైనుంచి రాలేదంటారు. వెంచరు వాళ్ళు డబ్బు బదులు ప్లాటు రాసిస్తామంటారు. ఆ ప్లాటు చదును చేసింది ఈయనే కాబట్టి అది వర్షాకాలంలో ఎంత లోతుంటుందో ఆయనకి తెలుసు. రైతు మీటరు ఒప్పుకోడు. టీకి ఆగిన పది నిమిషాలు ఇంజను తిరుగుతూనే ఉందనీ, అవర్ మీటరు దాన్నీ కలిపేసిందనీ, తన చేతి గడియారం చూపించి కోత పెడతాడు. ఫైనాన్సువాడు మాత్రం ఐదో తారీఖు పొద్దున్నే "గుడ్ మార్నింగ్ సార్" అని ఫోను చేస్తాడు. ఆ మండలంలో టైము పాటించేది అతనొక్కడే. ఇన్ని బాకీలు మోసే మనిషికి పిస్టను రింగు కూడా కాస్త ఆగగలిగిన అప్పులవాడిలాగే కనపడింది.

రింగు ఆగలేదు. మే నెలలో, చేపల చెరువు గట్టు మధ్యలో, బకెట్ నిండా మట్టితో బండి దగ్గి పడుకుంది. మళ్ళీ స్టార్టు కాలేదు. లోబెడ్డు మీద ఎక్కించి ఆటోనగర్ చేర్చడానికి పట్టిన ఖర్చు ఎన్ని గంటలో ఓనరు గారు ఎవరికీ చెప్పలేదు.

మేస్త్రి హెడ్డు లేపాడు, కింద చాంబరు విప్పాడు, నాలుగు పిస్టన్లూ పైకి తోసి పాత పేపరు మీద వరసగా పెట్టాడు. ఒక్కోదానికి మూడు రింగులు. పై రెండూ కంప్రెషను ఆపేవి, కిందది గోడ మీద ఆయిలు గీకేది. ఒక పాత రింగుని లైనర్లోకి దించి ఫీలర్ గేజి దూర్చాడు. ఎంత మందం రేకు పెట్టినా సందు ఇంకా ఖాళీగానే ఉంది. తర్వాత లైనరు గుడ్డతో తుడిచి, "పైన గోరు పెట్టి చూడండి" అన్నాడు. ఓనరు గారు పెట్టారు. రింగు తిరిగే చోట లోపలికి అరిగి, దానిపైన మెట్టు గోటికి తగులుతోంది.

"ఇదంతా దుమ్మండీ" అన్నాడు మేస్త్రి. నాలుగు లీటర్ల డీజిలింజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగిందంటే దాదాపు 4,000 లీటర్ల గాలి లోపలికి లాగుతుంది. ఆ గాలంతా ఫిల్టరు గుండానే పోవాలి. ఫిల్టరుని రోజూ టైరుకేసి కొట్టి, కంప్రెసరుతో గాలి కొట్టి, కాగితం చిల్లులు పడ్డా మళ్ళీ అదే బిగిస్తే, చెరువుగట్టు మీది సన్నమట్టి రింగుకీ లైనరుకీ మధ్య చేరి సానబెడుతుంది. మేస్త్రి ఇదంతా ఆపరేటరుకేసి చూస్తూ చెప్పాడు. ఆపరేటరు ఓనరుకేసి చూశాడు. ఓనరు పేపర్లో సినిమా ప్రకటన చదువుతున్నాడు.

బేరం మొదలైంది.

"నాలుగింట్లో రెండు ఫర్లేదన్నావుగా. రెండే మారిస్తే?"

"రెండు కాళ్ళ మీద నడవాలంటే జేసీబీ ఎందుకండీ?"

"పోనీ రింగులొక్కటే మారుద్దాం. లైనర్లు ఇంకో సీజను లాగుతాయి."

"అరిగిన లైనర్లో కొత్త రింగు కూర్చోదు. ఆర్నెల్లలో మళ్ళీ నా దగ్గరికే వస్తారు. నాకేం నష్టం లేదు, మీ ఇష్టం."

ఈ చివరి మాటకి ఓనరు గారు కరిగారు. మేస్త్రికి లాభం వచ్చే పని తన చేతుల మీదుగా జరగడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. పిస్టన్లు, లైనర్లు, రింగులు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ మొత్తం కిట్టు కొనడానికి ఒప్పుకున్నారు. కొట్లో మూడు ధరల డబ్బాలు ముందు పెడితే, "కంపెనీది కాకపోయినా కంపెనీదిలా ఉండేది" అడిగి మధ్యది తీసుకున్నారు. ఇంటి దగ్గర అది కంపెనీదే.

బిగించే రోజు స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నారు, ఒక్క రింగు కూడా దారి తప్పకుండా. మేస్త్రి ఒక్కో పిస్టనుకి మూడు రింగుల నోళ్ళూ మూడు దిక్కులకి తిప్పి పెట్టడం చూశారు. మూడూ ఒకే వరసలో ఉంటే గ్యాసు తిన్నగా కిందికి దిగిపోతుందని మేస్త్రి చెప్పాడు. ఓనరు గారు ఆలోచించారు.

"పైదాని నోరు ఈశాన్యానికి పెట్టు మేస్త్రీ."

"బండి తిరుగుతా ఉంటదిగదండీ. ఈశాన్యం ఎటని?"

"ఇప్పుడున్న ఈశాన్యానికే పెట్టు."

పెట్టాడు. పెద్దవాళ్ళు పనిలో వాదన పెట్టుకోరు.

ఇంజను ఎక్కింది, ఒక్క సెల్ఫుకే అందుకుంది. ఆయిలు మూత బోర్లించి కన్నం మీద పెడితే బుద్ధిగా కూర్చుంది. ఓనరు గారు దాన్ని నాలుగుసార్లు పెట్టించి వీడియో తీసుకున్నారు. మొదటి యాభై గంటలు బండరాయి పని, ఫుల్ లోడు పెట్టొద్దని మేస్త్రి చెప్పినప్పుడు మాత్రం మొహం వాడింది. పాత పిస్టన్లూ రింగులూ అన్నీ లెక్కపెట్టి గోనెసంచిలో కట్టించుకున్నారు. మూడు పిస్టన్లు తుక్కుకొట్టుకి, ఒకటి టీవీ పక్కకి.

చివరికి బిల్లు. మేస్త్రి కూలీ, లేతు వాడిది, వాషింగు, ఆయిలు, కుర్రాళ్ళ టిఫిన్లు. ఓనరు గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"మేస్త్రీ, నా బండి నీ షెడ్లో పదకొండు రోజులుంది. రోజుకి ఎనిమిది గంటలేసుకున్నా ఎనభై ఎనిమిది గంటలు. సీజను. ఆ గంటలు ఎవరిస్తారు?"

షెడ్లో కుర్రాళ్ళు పానాలు కింద పెట్టేశారు. మేస్త్రి చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ చాలా మర్యాదగా అడిగాడు.

"ఇద్దామండీ, దాందేముంది. గంటకెంత? విత్ డీజిలా, వితవుట్ డీజిలా?"

ఓనరు గారు ఫోను తీసి క్యాలిక్యులేటరు నొక్కడం మొదలెట్టారు.

"నీకు గనక వితవుట్ వేస్తాలే."