పద్దెనిమిదేళ్లకు నయమయ్యే ఆటిజం

ఆటిజం పద్దెనిమిదో పుట్టినరోజున నయమవుతుందన్నది విజయవాడలో స్థిరపడిపోయిన సిద్ధాంతం. వైద్యగ్రంథాలు దీన్ని ఇంకా ఒప్పుకోలేదు గానీ, నగరంలోనూ చుట్టుపక్కల డెల్టా ఊళ్లలోనూ ఏర్పాట్లన్నీ దీని మీదే నడుస్తున్నాయి. సూర్యారావుపేట నుంచి మొగల్రాజపురం మీదుగా పటమట దాకా థెరపీ సెంటర్ల బోర్డుల నిండా రంగు బ్లాకులు, సీతాకోకచిలుకలు, బోసినవ్వులు. మీసం వచ్చిన మనిషికి ఆ బోర్డుల మీద చోటు లేదు. ఈ విషయంలో ప్రభుత్వానికీ ప్రైవేటుకూ భేదాభిప్రాయం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లు నిండేదాకా చూస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యకు హామీ ఇచ్చేది 6 నుంచి 18 ఏళ్ల వరకే. ఆ తర్వాతి జీవితానికి చట్టంలో అధ్యాయాలున్నాయి, ఊళ్లో గదులు లేవు.

సిద్ధాంతానికి ఒక చిక్కు మొదటి కేసులోనే ఎదురైంది. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజాన్ని వర్ణిస్తూ రాసిన వ్యాసంలో మొట్టమొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. 1933లో అమెరికా మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పెద్దయ్యాక కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశదేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. పోయేదాకా ఆటిజంతోనే ఉన్నాడు. ఊళ్లో బ్యాంకులో ఉద్యోగం చేశాడు; అది ఎలా దొరికిందంటే, ఆ బ్యాంకు అతని తల్లి తరఫువారిది. కాబట్టి డెల్టాలో వయోజనులకు సేవలు లేవనడం అన్యాయం. ముందుచూపుతో తాత ఒక బ్యాంకు పెట్టి ఉంటే చాలు.

తాత ఆ పని చేయని కుటుంబాలు వెతుకులాట మొదలుపెడతాయి. నిజానికి ప్రస్తుతం పుష్కలంగా అందుబాటులో ఉన్న సేవ ఈ వెతుకులాటే. పిల్లల డాక్టరు పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి చూసి వయసు దాటిందంటాడు, సైకియాట్రీకి రాసిస్తాడు. సైకియాట్రీ ఓపీలో, ఇది చిన్నప్పటి నుంచి ఉన్నదే కదా, థెరపీ సెంటర్‌కి తీసుకెళ్లండంటారు. థెరపీ సెంటర్‌లో కుర్చీలు ఎల్‌కేజీ సైజువి. అక్కడి అమ్మాయి ఆరడుగుల మనిషిని ఎగాదిగా చూసి, హైదరాబాద్‌లో కనుక్కోండి సార్ అంటుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉన్న మాట నిజమే. అయితే కావలసింది రోజూ పొద్దున పదింటికి వెళ్లి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చే చోటు. దానికోసం రోజూ రైలెక్కడం కుదరదు.

పెద్దయ్యాక గానీ పేరు తెలియనివారిది ఇంకో కథ. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలున్నాయి, ఆటిజం లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచినప్పుడు అది చేరింది. ఈలోపు పుట్టి పెరిగినవారు కొందరు బుద్ధిమాంద్యం కింద, మిగతావారు మొండి, మూగమొద్దు, తిక్క అనే ఇంటి వర్గీకరణ కింద నమోదయ్యారు. మాటలు రాకపోతే నాలుక మీద వస రాశారు; వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయని సర్దుకున్నారు. నలుగురిలో నోరెత్తని ఆడపిల్లకయితే బుద్ధిమంతురాలని బిరుదిచ్చి కేసు మూసేశారు.

వీటన్నిటినీ మించిన పరీక్ష మార్కుల జాబితా. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినవాడికి ఆటిజం ఉండదన్నది కృష్ణా తీరపు కనుగోలు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో గంట కొట్టినప్పుడు లేచి, గంట కొట్టినప్పుడు తిని, ఎవరితోనూ మాట్లాడకుండా రోజంతా ఒకే పుస్తకం చదివేవాణ్ణి అక్కడ ఆదర్శ విద్యార్థి అంటారు. అదే కుర్రాడు ఆఫీసులో రెండు నెలలు నిలవలేక ఇంటికొచ్చి గది తలుపేసుకుంటే బద్ధకం అంటారు. అప్పుడు పెద్దలు సూచించే చికిత్స పెళ్లి. ఈ చికిత్సను ప్రయోగించేది అవతలి ఇంటి ఆడపిల్ల మీద కాబట్టి, దుష్ఫలితాలు ఇవతలి ఇంటి లెక్కలోకి రావు.

వైకల్య సర్టిఫికెట్ విషయంలో యంత్రాంగం చురుకైనది. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ తీసుకోవాలి. క్యాంపులో 40 అంశాల భారతీయ ఆటిజం కొలమానంతో మనిషిని తూస్తారు. స్కోరు 40కి తగ్గదు, 200 దాటదు. 70 దగ్గర ఆటిజం మొదలవుతుంది. వైకల్యం 40 శాతం తేలితే పింఛనుకు అర్హత. ఈ పింఛనును 2024 జూలైలో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచారు. వయసు దాటిందని తిప్పి పంపని సేవ ఇదొక్కటే కాబట్టి మెచ్చుకోవలసిందే. 2025లో రాష్ట్రమంతా దివ్యాంగ పింఛనుదారుల సర్టిఫికెట్లను మళ్లీ తనిఖీ చేశారు. ప్రభుత్వోద్యోగాల్లో వాటా కూడా ఉంది: దివ్యాంగులకిచ్చే నాలుగు శాతంలో ఒక శాతం. దాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం ఉన్నవారంతా కలిసి పంచుకోవాలి.

తలుపులన్నీ మూసుకున్న చోట స్టెమ్‌సెల్ వ్యాపారి తలుపు తెరిచే ఉంటుంది, అతను వయసు అడగడు. ఆటిజానికి ఆ చికిత్స సిఫార్సు చేయదగింది కాదని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022 డిసెంబరులో తేల్చింది. ఆ మాట లక్షలు కట్టేసిన తర్వాత గానీ చాలా ఇళ్లకు చేరదు. ఇక ఏప్రిల్ 2న ప్రపంచ అవగాహన దినం. నీలి టీషర్టులు, నడక, డప్పులు, డీజే, మైకులో ముఖ్య అతిథి. పెద్ద చప్పుడు భరించలేనివారి గౌరవార్థం జరిగే కార్యక్రమం గనుక వారిలో చాలామంది చెవులు మూసుకునే పాల్గొంటారు. 3వ తేదీకి కార్యక్రమం లేదు.

పద్దెనిమిదితో ఇంకొకటి కూడా నయమవుతుంది: తల్లిదండ్రుల అధికారం. ఆ రోజు నుంచి బిడ్డ మేజర్. బ్యాంకులో, రిజిస్ట్రార్ ఆఫీసులో అతని తరఫున సంతకం పెట్టాలంటే కన్నవారు కూడా 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద సంరక్షకులుగా నియామకం పొందాలి. నియమించేది జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీ, అందులో కలెక్టరు ఉంటారు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా విడిపోయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది, నగరానికి అంటుకుని ఉన్న కానూరు, పోరంకి కృష్ణాలో మిగిలాయి. సిటీ బస్సు దూరంలో ఒక కలెక్టరేట్ ఉండగా, ఆ వీధులవాళ్ల కలెక్టరేట్ సుమారు అరవై కిలోమీటర్ల దూరాన బందరులో ఉంది. బస్సు చప్పుడుకు తల్లడిల్లే మనిషిని వెంటబెట్టుకుని వెళ్లడానికి ఇది అనువైన దూరం.

కన్నవారు పోయాక ఎవరన్న ప్రశ్నకు జాతీయ ట్రస్టు దగ్గర ఘరౌందా అనే పథకం ఉంది. వయోజనులు జీవితాంతం ఉండే ఇంటి కోసం ఉద్దేశించింది. డెల్టా కుటుంబాల దగ్గర ఉన్న పథకం పేరు అమెరికాలో ఉన్న అన్నయ్య. సంరక్షకుడి అర్హతల్లో ట్రస్టు నిబంధనలు మొదట అడిగేది భారత పౌరసత్వం. అక్కడి పౌరసత్వం తీసుకున్న అన్నయ్య ఆ మొదటి గడి దగ్గరే ఆగిపోతాడు. గ్రీన్‌కార్డుతో ఆగినవాడికి ఆ అడ్డు లేదు. అతను నియమితుడైన ఆరు నెలల్లో తమ్ముడి ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా, అంటే జూన్ నెలాఖరుకు, లెక్కలు అప్పజెప్పాలి. అన్నయ్యకు సెలవు దొరికేది డిసెంబరులో.