విప్పని పెట్టెల శాస్త్రం

లెగో సెట్టులో మూడు వస్తువులుంటాయి: ప్లాస్టిక్ ఇటుకలు, వాటిని పేర్చే తీరు చూపించే పుస్తకం, ఈ రెంటినీ మోసుకొచ్చే అట్టపెట్టె. మూడింటిలోనూ విలువైనది అట్టపెట్టేనని పెద్దవాళ్లలో ఒక వర్గం తేల్చింది. ఈ వర్గంవారు సెట్టు కొంటారు, ఇంటికి తెచ్చి నాలుగు మూలలూ వెలుతురులో తిప్పి చూస్తారు, సొట్ట లేదని నిర్ధారించుకుని ప్లాస్టిక్ కవరు తొడిగి అలమరాలోకి ఎక్కిస్తారు. ఆట అక్కడితో ముగుస్తుంది. లెగో బంగారాన్ని మించిన పెట్టుబడి అన్నది వీరి సిద్ధాంతం. సీలు తీయకపోవడం వీరి నిష్ఠ. చుట్టాల పిల్లలు వస్తే ఆ గదికి తాళం వేయడం దానికి అనుబంధ వ్రతం.

బొమ్మను కనిపెట్టినవారికి ఈ శాస్త్రం తట్టలేదు. డెన్మార్క్‌లోని బిలుండ్ అనే ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆ బొమ్మలను కొన్నవారు వాటిని పిల్లల చేతికే ఇచ్చారు. ఆయన కొడుకు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేసిన ఇటుకకు పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉన్నాయి. కింది ఇటుక బుడిపె పై ఇటుక గోడకూ గొట్టానికీ మధ్య ఒరుసుకుని దిగుతుంది గనక రెండూ గట్టిగా పట్టుకుంటాయి, లాగితే మళ్లీ విడిపోతాయి. గొప్పతనమంతా ఆ విడిపోవడంలో ఉంది. ఒకసారి అతికి ఊరుకునేవి లోకంలో అంతకుముందే బోలెడున్నాయి. ఆనాటి ఇటుక ఇవాళ కొన్న ఇటుకకు సరిగ్గా పడుతుంది. అరవై ఏళ్లు దాటినా సడలని ఈ పట్టును పరీక్షించే అవసరం పెట్టుబడిదారుకు ఎన్నడూ రాదు. అతను పరీక్షించేది పెట్టె మూతకున్న టేపు పట్టును.

1963లో గాట్‌ఫ్రెడ్ తమ బొమ్మకు ఉండవలసిన లక్షణాలు పది చెప్పాడు. ఎంతైనా ఆడుకునే వీలుండాలి, ఆడపిల్లలకూ మగపిల్లలకూ పనికిరావాలి, ఏ వయసువారికైనా నచ్చాలి, ఏడాది పొడవునా ఆడుకోవచ్చు, గంటల తరబడి ఆడుకోవచ్చు అంటూ ఆ వరస సాగుతుంది. లెగో ఎంత ఎక్కువ ఉంటే విలువ అంత ఎక్కువ అన్నదీ అందులో ఒకటి. ఇటుకలు పెరిగేకొద్దీ కట్టగలిగేవి పెరుగుతాయని ఆయన ఉద్దేశం. పెట్టుబడి వర్గం పదింటిలోనూ ఈ ఒక్కదాన్నే అందుకుని, తక్కిన తొమ్మిదింటినీ సీలు తీయకుండా ఉంచింది.

కట్టగలిగేవి ఎంతగా పెరుగుతాయో లెక్క ఉంది. ఒకే రంగువి, నాలుగేసి బుడిపెల వరసలు రెండున్నవి, ఆరు ఇటుకలు తీసుకుంటే వాటిని 10,29,81,500 రకాలుగా కలపవచ్చని కంపెనీ చాలాకాలం చెప్పుకుంది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే సోరెన్ ఐలర్స్‌కు అది తక్కువ లెక్క అనిపించింది. ఆరూ ఒకదాని మీద ఒకటిగా ఆరంతస్తులు లేచిన కట్టడాలను మాత్రమే అందులో లెక్కేశారు. ఎత్తు తగ్గినవాటిని కూడా కలిపి కంప్యూటరుతో లెక్కిస్తే మొత్తం 91,51,03,765 తేలింది. వేల ముక్కలున్న పెట్టెకు ఈ లెక్క ఎక్కడిదాకా పోతుందో ఊహించడం కష్టం. సీలు తీయని పెట్టెకైతే సులువు: ఒక్కటే రకం, కాకపోతే నిలువుగా పెట్టాలా, అడ్డంగా పెట్టాలా అన్న వికల్పం ఉంది.

సిద్ధాంతానికి ప్రమాణ గ్రంథం లేకపోలేదు. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 నుంచి 2015 దాకా గల 2,322 సెట్ల ధరలు పరిశీలించి, సీలు తీయని సెట్లకు సగటున ఏడాదికి 11 శాతం రాబడి వచ్చిందని లెక్కగట్టారు. పత్రికలకు ఆ ఒక్క ముక్క చాలింది, బంగారం కంటే లెగో మేలని శీర్షికలు పెట్టేశాయి. అదే పరిశోధనలో కొన్ని సెట్లు ఏడాదికి 600 శాతం పెరిగితే కొన్ని సగానికి సగం పడిపోయాయని కూడా ఉంది. ఏది లేస్తుందో, ఏది కూలుతుందో పసిగట్టాలంటే నిజమైన లెగో అభిమాని అయి ఉండాలని కూడా అందులోనే చెప్పారు. నిజమైన అభిమాని అయితే పెట్టె విప్పేస్తాడు. శాస్త్రం ఇక్కడ చిన్న చిక్కులో పడింది గానీ, ప్రమాణ గ్రంథాన్ని శీర్షిక దాటి చదివే అలవాటు ఆ వర్గానికి లేనందున ఎవరూ ఇబ్బంది పడలేదు.

బంగారంతో పోలికకు మన దేశపు కట్టడమే జవాబు చెప్పింది. 2008లో 5,922 ముక్కలతో, 300 డాలర్ల ధరకు లెగో తాజ్ మహల్ వచ్చింది. అమ్మకం నిలిపేశాక, అభిమానుల మాటల్లో రిటైరయ్యాక, సీలున్న పెట్టెల ధర అసలుకు ఎన్నో రెట్లు ఎగబాకింది. దాచినవారు షాజహాన్ కంటే ఎక్కువ మురిసిపోయారు. 2017లో కంపెనీ అదే తాజ్ మహల్‌ను 5,923 ముక్కలతో, 370 డాలర్లకు మళ్లీ అమ్మకానికి పెట్టింది. పెరిగింది ఒక్క ముక్క. అది నేరుగా పాత పెట్టెల ధర మీద పడింది. స్టార్ వార్స్ సినిమాల అంతరిక్ష ఓడ మిలేనియం ఫాల్కన్‌దీ అదే కథ. 2007లో 5,195 ముక్కలతో వచ్చిన ఆ ఓడ సీలు తీయకుండా వేల డాలర్లు పలుకుతుండగా, 2017లో 7,541 ముక్కలతో మరింత పెద్ద ఓడ 800 డాలర్లకు దుకాణాల్లో దిగింది. బంగారం గనులను తాత్కాలికంగా రిటైర్ చేసి, పదేళ్లకు మరింత మెరుగైన బంగారాన్ని కొత్త నంబరుతో విడుదల చేసే అధికారం ఏ దేశపు రిజర్వు బ్యాంకుకూ లేదు. లెగో విషయంలో బిలుండ్‌లో ఒక సమావేశం చాలు.

అసలు పాత సెట్లు ఎందుకు ప్రియమయ్యాయి? 2007 నాటి కఫే కార్నర్, వీధి మూల హోటలు, 2,056 ముక్కలు, ఇవాళ సీలుతో దొరకడం అరుదు. కొన్నవారిలో అత్యధికులు ఇంటికి తీసుకెళ్లి విప్పేసినందువల్ల అరుదు. వాళ్లు కట్టారు, పక్కన తమ సొంత భవనాలు కట్టి వీధి పెంచారు, మళ్లీ పీకారు, కొన్ని ముక్కలను సోఫా కిందికీ వాక్యూమ్ క్లీనరులోకీ పోగొట్టారు. విప్పని పెట్టెకు వచ్చిన ధర విప్పినవారు పెట్టిన భిక్ష. ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో సెట్టుకు అయిదేసి పెట్టెలు దాస్తున్నారు, అందరూ ఒకే సెట్టును దాస్తున్నారు, అందరూ ఒకే ఏడాది అమ్మాలని చూస్తున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అమ్మని పెట్టెకు రాని లాభం మాత్రం ఏటేటా లెక్కల్లో పెరుగుతోంది. పైగా పాతికేళ్ల తరువాత పాత సెట్టు కోసం డబ్బు కుమ్మరించేది చిన్నప్పుడు దాంతో ఆడుకున్నవారే. అలమరా అద్దంలోంచి పెట్టె వీపు మాత్రమే చూసి పెరిగిన పిల్లవాడికి దేని మీద బెంగ పుడుతుంది? ఆ అలమరా తాళం మీద కావచ్చు.

ఈ శాస్త్రం చేసిన అసలు నష్టం డబ్బుది కాదు, మాటలది. లెగో అభిమానులు గొప్ప కబుర్లరాయుళ్లు. ఇద్దరు కలిస్తే బుడిపెలు పక్కకు తిరిగేలా ఇటుకలను ఎలా మలపాలి, గుండ్రని బురుజుకు చదరపు ముక్కలను ఎలా ఒప్పించాలి, ఏ రెండు ముక్కలను బలవంతంగా కలిపితే ప్లాస్టిక్‌కు ప్రాణం మీదికొస్తుంది అని తెల్లవార్లూ మాట్లాడుకునేవారు. అభిమానిగా మొదలై కంపెనీ డిజైనరైన జేమీ బెరార్డ్ 2006లో ఈ చివరి విషయం మీద ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. ముక్కలను ఒత్తిడికి గురిచేసే అతుకులను అభిమానులు నేటికీ అక్రమాలని పిలిచి, అక్రమాలకు పాల్పడినవారిని ముచ్చటగా తిట్టుకుంటారు. సొంతంగా ఊహించి కట్టినదాన్ని మాక్ అంటారు. ఒక మంచి మాక్ చుట్టూ చేరి, ఆ కిటికీ రెక్క నిజానికి ఏ బండి తలుపో కనిపెట్టడం వారికి పండగ. కంపెనీ ఆ తెలివిని తానూ నేర్చుకుంది. 2021లో వచ్చిన 878 ముక్కల బోన్సాయ్ చెట్టు కొమ్మల్లో గులాబీ రంగు పూలు విరగబూసి ఉంటాయి, దగ్గరికెళ్లి చూస్తే పూల మధ్యలో కూర్చున్నవన్నీ బుల్లి కప్పలు. పెట్టె విప్పనివాడికి చెట్టే తప్ప కప్పలు చిక్కవు.

అభిమానుల ఊహకు తలుపు కూడా ఉంది. లెగో ఐడియాస్ పథకంలో ఎవరైనా తాము కట్టినదాన్ని ప్రతిపాదించవచ్చు. 10,000 మంది మద్దతిస్తే కంపెనీ పరిశీలిస్తుంది, సెట్టుగా వస్తే నికర అమ్మకాల్లో ఒక శాతం రూపకర్తకు ముడుతుంది. చంద్రుడి మీదికి మనుషుల్ని మోసుకెళ్లిన శాటర్న్ 5 రాకెట్టు అలాగే వచ్చింది. ఇద్దరు అభిమానులు కట్టిన నమూనా ఆధారంగా 2017లో విడుదలైన ఆ సెట్టులో ముక్కలు సరిగ్గా 1,969. అపోలో 11 దిగిన ఏడాది గుర్తుగా. ఈ చమత్కారాన్ని గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. పెట్టుబడి వర్గం మాట్లాడుకున్నది ఒక్కటే, ఎప్పుడు రిటైరవుతుంది? అయింది. ధర రాకెట్టులాగే లేచింది. 2020లో కంపెనీ అవే ముక్కలతో, వేరే నంబరుతో దాన్ని మళ్లీ వదిలింది. పెట్టుబడి వర్గంవారు అప్పటి నుంచి అంతరిక్షం గురించి మౌనంగా ఉన్నారు.

డాన్ జెజెక్ 2000లో మొదలుపెట్టిన బ్రిక్‌లింక్ అనే ఆన్‌లైన్ అంగడి ఉద్దేశం కూడా కట్టేవారికి కావలసిన ముక్కలు విడిగా దొరకడమే. ముదురు ఎరుపు వాలు ఇటుకలు నాలుగు వందలు కావలసినవాడికి అది కల్పవృక్షం. అమ్మిన ధరలను కూడా అది చూపిస్తుంది కాబట్టి పెట్టుబడిదారులకు షేర్ మార్కెట్టు పట్టికగా మారింది. 2019లో కంపెనీయే దాన్ని కొనేసింది. ఇప్పుడు ఏ పాత సెట్టు కోసం జనం ఎంత ఎగబడుతున్నారో అందరికంటే ముందు తెలిసేది దాన్ని మళ్లీ తయారుచేయగల సంస్థకే. బంగారం వ్యాపారంలో ఇలాంటి ఏర్పాటును ఎవరూ క్షేమమనరు.

వారసత్వాన్ని కాపాడుతున్నామన్న వాదన కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది. పాత సెట్లను కంపెనీ బిలుండ్‌లోనే భద్రపరుచుకుంది, ఆ బరువు పడకగది అటక మీద పడనక్కర్లేదు. పైగా ప్లాస్టిక్‌కు సీలు మీద గౌరవం లేదు. ముదురు గోధుమ రంగు పాత ఇటుకలు పెళుసుబారి, వేలితో నొక్కితే పుటుక్కుమంటాయని కట్టేవారందరికీ తెలుసు. అంటించే స్టిక్కర్ల జిగురు కూడా ఏళ్లు గడిస్తే ఎండుతుంది. ఇవేవీ పెట్టుబడిదారుకు తెలియవు, తెలుసుకోవాలంటే విప్పాలి. అతనికి తెలిసింది పెట్టె సంగతి, ఆ పెట్టెలోనూ కొంత భాగం గాలే. హైదరాబాదులో చదరపు అడుగు ధర తెలిసినవారు ఆ గాలికి కడుతున్న అద్దెను 11 శాతంలోంచి తీసేసి చూడవచ్చు. దొంగల భయం అదనం. పెట్టెలు ఎత్తుకుపోయే ముఠాల వెంట ఫ్రాన్స్ పోలీసులు పడ్డారని 2021లో వార్తలొచ్చాయి. బంగారంతో సమానమన్న వాదనకు ఇంతవరకు దొరికిన గట్టి సాక్ష్యం అదే.

మన దగ్గర ఈ శాస్త్రానికి ఇంకో అడ్డంకి ఉంది. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అందుకని తెలుగు ఇళ్లకు చాలా సెట్లు అమెరికా నుంచి వచ్చే అక్కాబావల సూట్‌కేసుల్లో వస్తాయి. సూట్‌కేసులో గాలికి చోటుండదు; అక్క అక్కడే పెట్టె విప్పి, ముక్కల సంచులు చీరల మధ్య సర్ది, అట్టను చెత్తబుట్టలో వేసి వస్తుంది. శాస్త్రం ప్రకారం సొత్తంతా ఆ చెత్తబుట్టలో పోయింది. ఇక్కడి పిల్లలకు మాత్రం పోయినట్టు తెలియదు, ఆ సాయంత్రానికే హాల్లో నడవడానికి చోటుండదు.

బొమ్మలు దాచుకోవడం తెలుగువారికి కొత్త కాదు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో అవి ఏడాదంతా పెట్టెలోనే పడుకుంటాయి. అయినా పండగ నాలుగు రోజులు మెట్లెక్కి పేరంటాళ్లకు కనిపిస్తాయి. లెగో పెట్టుబడి కొలువులో పేరంటాళ్లకు దక్కేది పెట్టె మీది ఫొటో, దాన్ని కూడా ముట్టుకోకూడదు. 2014 నాటి లెగో సినిమాలో ఇటుకలను జిగురుతో శాశ్వతంగా అతికించాలనుకునే తండ్రిని ప్రతినాయకుడిని చేశారు. అతని మీద జాలి చూపవలసిన రోజులొచ్చాయి. పాపం, అతను కనీసం ఊరంతా కట్టాడు.

విప్పితే పోయేదెంత అన్నది చివరి ప్రశ్న. కఫే కార్నర్‌ను కట్టి, ఏళ్ల తరబడి చూసుకుని, మళ్లీ పీకి, ముక్కలన్నీ పుస్తకంతో సహా అమ్మితే కూడా కొన్న ధర కంటే ఎక్కువే వస్తుంది. సీలున్నదానికి ఇంకా ఎక్కువ వస్తుంది. ఆ తేడా పెట్టుబడిదారుకు ఇన్నేళ్లు ఆడుకోకుండా ఉన్నందుకు దక్కే జీతం. ఆ ఉద్యోగం వద్దనుకునేవారు, అలమరాలో ఒకే రకం పెట్టెలు రెండుంటే ఒకటి ఈ సెలవులకు పిల్లల ముందు విప్పాలి. ఒక్కటే ఉంటే ఆ ఒక్కటే విప్పాలి.