వేటకు వెళ్లకుండా ఇత్తడి వెతకడం ఎలా

పెన్సిల్వేనియాలో థాంక్స్‌గివింగ్ పండగ దాటిన శనివారం తుపాకితో జింకల వేట మొదలవుతుంది. 2019కి ముందు సోమవారం మొదలయ్యేది. ఇప్పుడు పండగ భోజనం అరిగేలోపే మీద పడుతోంది. తెల్లారగట్ల నాలుగింటికి లేవాలి. తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు బట్ట తొడుక్కోవాలి. వేళ్లు కొంకర్లు పోతున్నా చెట్టు మొదట్లో కదలకుండా కూచోవాలి. గురి తగిలిందంటే కష్టం రెట్టింపు. ఆ జింకను కారు దాకా ఈడ్చుకు రావాలి.

ఇవేవీ పడకుండా వేటగాడు అనిపించుకోవచ్చు. అందుకు అరుదైన తూటా పేల్చే తుపాకి కొనాలి. కొట్లో తూటాలు దొరకవు. ఇంట్లో నింపుకుందామంటే ఖాళీ ఇత్తడి తొడుగులు దొరకవు. ఆ తొడుగులు వెతుకుతూ ఎన్నేళ్లయినా గౌరవంగా గడిపేయొచ్చు. నేను తొమ్మిది సీజన్లు గడిపాను. ఎలాగో వరసగా చెబుతాను.

1. తుపాకి ఎంపికలో తొందరపడకండి.

.30-06, .308 తూటాల జోలికి పోవద్దు. ఏ కొట్లో అడిగినా డబ్బా తీసి ముందు పెడతారు, మీ నోటికి తాళం పడుతుంది. అలాగని ఎవరూ వినని తూటా కూడా పనికిరాదు. దొరకలేదంటే నమ్మాలి, కాస్త వెతికితే దొరుకుతుందేమోనన్న ఆశా మిగలాలి. ఈ రెండూ కుదిరింది .300 సావేజ్‌లో.

న్యూయార్క్ రాష్ట్రం యుటికాలోని సావేజ్ కంపెనీ దీన్ని 1920లో తెచ్చింది. ఆనాటి .30-06 ఇచ్చే వేగాన్ని, అంటే 150 గ్రెయిన్ల గుండును సెకనుకు 2700 అడుగులతో పంపడాన్ని, తమ లీవర్ తుపాకి మోడల్ 99లో పట్టే పొట్టి తొడుగులోంచి రాబట్టాలని వాళ్ల పట్టుదల. రాబట్టారు కూడా. 1952లో .308 వించెస్టర్ వచ్చి దీని గిరాకీని ఊడ్చేసింది. ఇప్పుడు కంపెనీలు ఎప్పుడో ఒక విడత చేసి ఊరుకుంటాయి. ఇంతకంటే అనువైన కరువు మరోచోట దొరకదు.

తుపాకి సంగతి కూడా చెప్పాలి. మోడల్ 99 అంత అందమైన తుపాకిని నేను చూడలేదు. తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండవు, లోపల ఇత్తడి చక్రం చుట్టూ తిరుగుతూ కూచుంటాయి. పాతవాటికి ఎడమ పక్కన చిన్న కిటికీ ఉంటుంది. లోపల ఎన్ని తూటాలున్నాయో అందులో అంకె కనిపిస్తుంది. తూటా నింపనంత కాలం ఆ అంకె కదలదు, యంత్రం అరగదు. దీపం వెలుతురులో ఆ కిటికీని వేలితో తుడుస్తూ గంట కూచోవచ్చు.

2. కొత్త డబ్బా కంటపడితే కొనకండి.

సెప్టెంబరులో ఏ కొట్లోనో 20 తూటాల డబ్బా కనిపిస్తుంది. అది కొని కాల్చారంటే మీ తుపాకి గొట్టానికే అచ్చు కుదిరిన 20 మంచి తొడుగులు చేతికొస్తాయి, కథ అక్కడితో ముగుస్తుంది. డబ్బా చేతిలోకి తీసుకోండి, ధర అడగండి, "అమ్మో" అనండి, పెట్టేయండి. నవంబరు మూడో వారంలో నలుగురు మిత్రుల్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి, అదే డబ్బా గట్టిగా అడగండి. "అయిపోయాయండీ" అన్న కొట్టువాడి మాట నలుగురి చెవినా పడాలి.

3. కాల్పుల మైదానంలో వంగడానికి సిగ్గుపడకండి.

అందరూ తుపాకులు దించి, గురిపలకలు చూసుకోవడానికి వెళ్లే విరామం ఒకటుంటుంది. ఆ ఐదు నిమిషాలూ మీవే. పక్కవాడి బల్ల కింద రాలిన తొడుగులు అతను తిరిగొచ్చేలోపు జేబులో వేసుకోండి. ఏ తూటావో చూడొద్దు, చూస్తే టైము పోతుంది. అడిగితే "చెత్త తీస్తున్నా" అనండి. నేను అలా ఒక్క వేసవిలో పెరుగు బకెట్ నిండా పోగేశాను. అందులో .300 సావేజ్‌వి మూడు. మిగతావన్నీ కారులో గలగలమంటూ వేటగాడి హోదా చాటుతుంటాయి. చివరికి మైదానం చూసుకునే ఆయన ఇక రావద్దన్నాడు. అదీ లాభమే, ఆదివారాలు పొద్దెక్కేదాకా నిద్రపోతున్నాను.

4. ఇచ్చేవాడిని దూరం పెట్టండి.

మా పక్కింటి పెద్దాయనకు వాళ్ల నాన్న నాటి మోడల్ 99 ఉంది. ఒకరోజు కంచె దగ్గర నిలబడి, కాఫీ డబ్బాలో నలభై తొడుగులు, అన్నీ ఒక్కసారే కాల్చినవి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పట్టుకెళ్లు బాబూ, నాకెందుకు" అన్నాడు. ఇలాంటి ప్రమాదం మీకూ వస్తుంది. తీసుకోండి, థాంక్స్ చెప్పండి, గరాజ్‌లో పెయింటు డబ్బాల వెనక మూడో అరలో పెట్టండి. ఎక్కడ పెట్టారో రాసుకోవద్దు. ఆయన మళ్లీ అడిగితే "వాటి మెడలు పగిలాయి సార్" అనండి. ఇంకోసారి ఇవ్వడు. దసరాకి మేం పంపే అరిసెలు కూడా వద్దంటున్నాడు. ఒక ప్లేటు మిగిలింది.

5. మూటగా కొనండి, అడుగు చదవకండి.

తొడుగు అడుగున చుట్టూ చిన్న అక్షరాలుంటాయి. అవి చదవాలంటే కళ్లద్దాలు వెతకాలి. ముసలి వేటగాళ్ల ఇళ్లలో సామాను అమ్మే రోజున సీసాల్లో, సాక్సుల్లో పోసి పెట్టిన ఇత్తడిని గుత్తగా బేరమాడండి. "సావేజ్" అన్న మాట వినిపిస్తే చాలు, డబ్బు తీసేయండి. .303 సావేజ్ అని ఇంకోటుంది. మోడల్ 99కి మొట్టమొదటి తూటా అదే, అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, మీ తుపాకిలో పట్టదు. నేను అవి అరవై కొన్నాను. తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఆ ఇల్లే అమ్మేశారు.

6. ఇత్తడి తోమడం మన ఇంటి విద్య.

అమెరికావాళ్లు మొక్కజొన్న కండెల పొట్టు వేసిన గిన్నెలో గంటల తరబడి తిప్పుతారు. మనకి చింతపండు ఉంది. ఇంటావిడ దేవుడి దీపాలు నానేసిన గిన్నెలోనే తొడుగులు కూడా పడేయండి. తూటాను రాజేసే ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది కాబట్టి ఆ గిన్నె ఇక వంటకు పనికిరాదు, దీపాలు కూడా విడిగా కడుక్కోవాలి. అంటే గిన్నె శాశ్వతంగా మీదయిపోయినట్టే. ఒక పూట చాలు, కానీ మీరు వారం మర్చిపోండి. తూటా ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పులుపులో అన్నాళ్లుంటే పైనుంచి జింకు కరిగిపోయి తొడుగు గులాబీ రంగుకి తిరుగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, వాడడానికి పనికిరాదు.

గులాబీ రంగు నచ్చనివారికి అమోనియా కలిసిన ఇత్తడి పాలిష్ ఉంది. దీని వెనక మన దేశపు చరిత్రే ఉంది. బ్రిటిషు సైన్యం వర్షాకాలంలో తూటాల పెట్టెల్ని గుర్రపు సాలల్లో దాచేది. వానలు వెలిశాక చూస్తే, గుండును బిగించిన మెడ దగ్గర తొడుగులు వాటంతటవే పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమోనియా, చెమ్మ, ఇత్తడిలో బిగుసుకున్న ఒత్తిడి కలిసి చేసిన పని అదని 1921 నాటికి తేల్చారు. ఇంగ్లీషులో ఆ పగుళ్లకు 'సీజన్ క్రాకింగ్' అన్న పేరు నిలిచింది. ఆ వానాకాలాన్ని మీ బేస్‌మెంట్‌కి తెచ్చుకోవడం సులువు. పాలిష్ పూయండి, తుడవకండి, సీసాలో వేసి మూత పెట్టండి. మెడలో వెంట్రుకవాసి గీత పడ్డ తొడుగుని ఏ తెలివైనవాడూ నింపడు. మీరూ నింపక్కర్లేదు.

7. డైలోకి దించే ముందు నూనె రాయకండి.

కాల్చిన తొడుగు కాస్త ఉబ్బి ఉంటుంది. ప్రెస్‌లో పెట్టి, ఉక్కు డైలోకి నొక్కి మళ్లీ కొలతకు తేవాలి. అందుకు ముందు ప్రతిదానికీ చేత్తో పల్చగా జిడ్డు రాయాలి. యాభై తొడుగులకు యాభైసార్లు. ఎందుకొచ్చిన గొడవ? పొడిగా పెట్టండి, పిడి మీద బరువంతా వేయండి. సగం దాకా కిర్రుమంటూ వెళుతుంది. పైకెత్తితే కింద అంచు పట్టు ఊడి "టక్" మంటుంది. తొడుగు డైలోనే ఉండిపోతుంది.

ఆ శబ్దం నాకు ఇష్టం. ఆ సాయంత్రానికి పని ఐపోయినట్టే. తీయాలంటే తొడుగు అడుగున డ్రిల్లుతో బెజ్జం వేయాలి, లోపల మరలు కోయాలి, బోల్టు బిగించి లాగాలి. ఆ పనిముట్లు మీ దగ్గర ఉండకూడదు. నేను మా అల్లుడి స్క్రూడ్రైవర్‌తో పైనుంచి కొట్టి చూశాను. మధ్యలోని కడ్డీ వంగింది, డై గోడ మీద గీత పడింది. దాన్ని పోస్టులో పంపి, బాగై వచ్చేసరికి మంచు కురిసింది. జింకల వేట ముగిసి పది రోజులైంది.

8. .308 తొడుగును కోసి చేస్తానని నలుగురిలో చెప్పండి, చేయడం మాత్రం వద్దు.

ఇది నిజంగా కుదిరే పని, అందుకే మంచి సాకు. రెంటికీ అడుగు కొలత ఒక్కటే. .308 తొడుగు పొడవు 2.015 అంగుళాలు, .300 సావేజ్‌ది 1.871. డైలో నొక్కి, మెడ కింద ఏటవాలుగా ఉండే భుజాన్ని వెనక్కి దించాలి, మిగిలిన ముక్క కోయాలి. భుజంలోంచి వచ్చిన కొత్త మెడ మందంగా ఉంటుంది, దాన్ని లోపల గీకి పల్చన చేయాలి. కంచరి ఇత్తడిని కాల్చి మెత్తబరిచినట్టు మెడను కాల్చకపోతే చీలుతుంది. ఈ వివరమంతా ఎవరి ఇంట్లోనైనా భోజనాల దగ్గర చెప్పండి. చెప్పడానికి నలభై నిమిషాలు పడుతుంది. మీకు పనిమంతుడన్న పేరొస్తుంది.

తప్పక చేయాల్సి వస్తే పది చేసి ఆపేయండి. మెడ గీకకండి, లీవరు మూయబోతే మూసుకోదు. అడుగున "308" అనే అక్షరాలు అలాగే ఉంటాయి కదా, డబ్బా మీద చీటీ అంటించకండి. ఎండాకాలానికి ఏది ఏదో మీకే తెలియదు. తెలియని తొడుగు పారేయాల్సిందే. మళ్లీ మొదటినుంచి వెతుకులాట!

9. దొరికినవి ఎక్కువకాలం బతకనివ్వకండి.

మోడల్ 99 బోల్టు వెనక భాగాన తాళం పడుతుంది. మౌజర్ తుపాకిలో లాగా ముందు భాగాన కాదు. పేలినప్పుడు కొద్దిగా సాగుతుంది, దాంతోపాటు తొడుగూ సాగుతుంది. తెలిసినవాళ్లు భుజాన్ని అంగుళంలో వెయ్యోవంతులు రెండు మూడు మాత్రమే వెనక్కి దించేలా డైని సరిచేస్తారు. అది కొలవాలి, తిప్పాలి, మళ్లీ కొలవాలి. మీరు డైని చివరి దాకా బిగించి వదిలేయండి. ప్రతిసారీ భుజం బాగా వెనక్కి పోతుంది, పేలినప్పుడు మళ్లీ ముందుకొస్తుంది. ఇత్తడి అడుగుభాగం దగ్గర పల్చబడి మెరిసే ఉంగరం లాంటి గీత తేలుతుంది. వంచిన తీగ మొన లోపలికి దించి గీస్తే అక్కడ పట్టుకుంటుంది. అలాంటిది కాలిస్తే రెండు ముక్కలవుతుంది, మొహానికి మంచిది కాదు. కాబట్టి బుట్టలో వేయండి. ఏళ్లు రావాల్సిన తొడుగు రెండు మూడు కాల్పుల్లో సెలవు తీసుకుంది.

10. తుపాకి మందు పోసే దాకా రాకండి.

లైమన్ కంపెనీ రీలోడింగ్ పుస్తకం ఒకటి ఉంది. దాన్ని కొని, తెరవకుండా బల్ల మీద నిటారుగా నిలబెట్టండి. పుస్తకం చూడకుండా మందు కొలవకూడదన్నది అందరూ ఒప్పుకునే నియమం. మీరు పుస్తకం చూడలేదు. నియమం పాటించారు.

11. అడిగినవాడికి తగ్గ జవాబు.

వేట మిత్రుడు ఫోన్ చేసి "అన్నా, ఈసారైనా వస్తున్నావా?" అంటే, "తమ్ముడూ, ఇత్తడి లేదురా" అనండి. అతను తన రెండో తుపాకి ఇస్తానంటాడు. "నా తుపాకి ఉండగా ఇంకోటి పట్టుకుంటే బాగుండదు" అనండి. రెండేళ్లకు ఫోన్లు ఆగిపోతాయి. బావమరిదికి ధరలు చెప్పండి. ఇంటావిడ బిల్లులు చూసి, ప్రెస్, డైలు, తూకం, మూడు బకెట్ల ఇత్తడి కలిపితే ఎంతయిందని అడిగితే, బయట కొంటే ఒక్కో తూటా ఎంత పడుతుందో చెప్పండి, ఇంట్లో ఎన్ని తయారయ్యాయో మాత్రం చెప్పకండి. ఆమె ఇంకేమీ అనకుండా పడకగదిలోకి వెళ్తుంది. బేస్‌మెంట్ మీది.

12. అన్నీ కలిసొచ్చి ప్రమాదం ముంచుకొస్తే.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి జరుగుతుంది. మొన్న మార్చిలో గరాజ్ సర్దుతుంటే పెయింటు డబ్బాల వెనక పెద్దాయన కాఫీ డబ్బా బయటపడింది. నలభై తొడుగులు, ఒక్క గీత లేదు. మర్నాడే ఏదో కంపెనీ .300 సావేజ్ కొత్త తొడుగులు విడుదల చేసిందని మిత్రుడొకడు కబురు పంపాడు. చేతులు చల్లబడ్డాయి.

అలాంటప్పుడు తుపాకి అమ్మేయండి, తొడుగులతో సహా, వచ్చినంతకి. ఆ డబ్బుతో ఇంకా పాత మోడల్ 99 ఒకటి చూడండి, .303 సావేజ్ పేల్చేది. నేను చూశాను, బేరం కుదిరింది. దాని తొడుగులు అరవై దాకా ఉండేవి నా దగ్గర. పోయిన వారమే అమ్మకానికి పెట్టాను, ఎవరో వచ్చి పట్టుకెళ్లారు.