నా అద్దం మీద పడిన కాగితాలు

నేను జిరాక్స్ మిషన్‌ని. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డు గది నా చోటు. కాపీ తీస్తాను, స్కాన్ చేస్తాను, ప్రింటు ఇస్తాను. జనానికి తెలిసింది అంతవరకే. నా లోపల ఒక హార్డ్ డిస్క్ కూడా ఉంది. అద్దం మీద పెట్టిన ప్రతి కాగితం బొమ్మా అందులోకి చేరుతుంది. చెరిపే ఏర్పాటు ఎవరూ చెయ్యకపోతే అక్కడే ఉండిపోతుంది.

ఈ గదిలో లేని కాగితం లేదు. కేసు షీట్లు, ల్యాబు రిపోర్టులు, ఇన్సూరెన్స్ క్లెయిములు, ఆధార్ కాపీలు. ఒక ర్యాకు నిండా నర్సు ఉద్యోగానికి వచ్చి ఎంపిక కాని అమ్మాయిల బయోడేటాలు. పుట్టినతేదీ, కులం, పెళ్లయిందో లేదో, తండ్రి ఫోన్ నంబరు అన్నీ వాటిలో ఉంటాయి. ఉద్యోగం రాలేదు, కాగితం మాత్రం ఇక్కడే ఉంది. ‘ఉండనీ, ఎప్పుడో పనికొస్తుంది’ అనడం ఇక్కడ అలవాటు. అడ్మిషన్ కౌంటర్లో ‘అమ్మా, ఆధార్ జిరాక్స్ రెండు ఇవ్వండి’ అంటారు. ఒకటి సరిపోదా, అసలెందుకు అని అడిగినవాళ్లు అరుదు. రోగిని స్ట్రెచర్ మీద పెట్టుకుని ఎవరు అడుగుతారు?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఆరేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు.

ఆ చట్టంలో ఒక మాట సూటిగా నాకే తగులుతుంది. డిజిటల్ రూపంలో సేకరించిన సమాచారానికీ, కాగితం మీద తీసుకుని తర్వాత డిజిటల్‌గా మార్చినదానికీ అది వర్తిస్తుంది. కేసు షీటు ర్యాకులో ఉన్నంతకాలం ఆ చట్టం దాని జోలికి రాదు. నా అద్దం కింద దీపం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఫైలు కంప్యూటర్‌లోకి చేరిందా, ఇక దానికి ఆసుపత్రి జవాబుదారీ. పనిని బయటి ఏజెన్సీకి అప్పగించినా ఆ బాధ్యత తప్పదు.

అందుకే, పాతవన్నీ స్కాన్ చేసి గది ఖాళీ చేద్దామని యాజమాన్యం అనుకున్నప్పుడు రికార్డ్స్ మేడమ్ అడ్డుపడ్డారు. “సార్, ముందు ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చుకుందాం. అక్కర్లేనివి కూడా స్కాన్ చేస్తే లేని బరువు మనమే నెత్తికెత్తుకున్నట్టు.”

అకౌంట్స్ ఆయన ఒప్పుకోలేదు. “పారేశాక ఆడిట్‌వాళ్లు అడిగితే ఎవరు చెప్తారు మేడమ్?”

ఇద్దరి మాటా నిజమే. పని తీరాక సమాచారం చెరిపెయ్యాలని కొత్త చట్టం అంటుంది. వేరే చట్టం ఉంచమన్నదాన్ని ఉంచమని కూడా అదే అంటుంది. ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన నాటినుంచి మూడేళ్లు ఉంచాలన్నది 2002 నాటి వైద్య మండలి నిబంధన. కంపెనీ అయితే లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు. పోలీసు కేసుతో ముడిపడినవి ఆ కేసు తేలేదాకా కదపకపోవడమే మంచిది. మేడమ్ ఇవన్నీ ఒక పట్టికగా రాయించారు: ఏ కాగితం, ఎందుకు, ఎన్నాళ్లు, తీసెయ్యమనే అధికారం ఎవరిది. నర్సు బయోడేటాలు ఆ పట్టికలో ఏ గడిలోనూ ఇమడలేదు. వాటిని ముక్కలు చేసే మిషన్‌లో వేశారు. పాత కాగితాల కొట్టుకు వెయ్యనివ్వలేదు. పల్లీల పొట్లం మీద ఒక ఆడపిల్ల ఫోన్ నంబరు ఊరంతా తిరగడం ఆవిడకు ఇష్టం లేదు. ఈ గదికి వేసిన తాళం కంటే ఆ పట్టికే గట్టి కాపలా అని నా నమ్మకం.

కష్టమంతా కాపీలతోనే. నేనిచ్చిన ఒక్క ఆధార్ కాపీ రిసెప్షన్ సొరుగులో ఒకటి, ఇన్సూరెన్స్ డెస్కు ఈమెయిల్‌లో ఒకటి, వార్డు వాట్సాప్ గ్రూపులో ఫొటోగా మరొకటి అవుతుంది. పేరు తప్పు పడింది దిద్దమని అడిగే హక్కూ, చెరపమని అడిగే హక్కూ రోగికి ఉన్నాయి. అసలు ఫైలులో దిద్ది, మిగతాచోట్ల వదిలేస్తే ఆ హక్కు తీరినట్టు కాదు. సమాచారం బయటికి పొక్కితే ఈ చట్టం కింద ఏర్పాటయ్యే డేటా రక్షణ బోర్డుకీ, బాధితులకూ చెప్పాలి. బోర్డుకు పూర్తి వివరం 72 గంటల్లో అందాలి. తగిన రక్షణ లేదని తేలితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు. ఎక్కడెక్కడ ఏముందో తెలియని ఆఫీసు 72 గంటల్లో ఏం చెప్పగలదు?

నా జాతికి జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. 2010లో అమెరికాలో ఒక టీవీ సంస్థ పాత కాపీయర్లు కొని డిస్కులు తెరిచి చూసింది. న్యూయార్క్ ఆరోగ్య బీమా సంస్థ ఒకటి లీజుకు వాడుకుని తిరిగిచ్చేసిన ఒక మిషన్‌లో వైద్య రికార్డులు బయటపడ్డాయి. దాదాపు 3.44 లక్షల మంది వివరాలు బయటపడి ఉండవచ్చని ఆ సంస్థే అంచనా వేసింది. 2013లో 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించి ప్రభుత్వంతో రాజీపడింది. అక్కడ ఎవరూ దొంగతనం చెయ్యలేదు. చెరపాలని ఎవరికీ తోచలేదు, అంతే.

నాదీ లీజు బతుకే. ఏజెన్సీవాళ్లు నన్ను తీసుకుపోయే ముందు నా డిస్కు చెరిపించండి, చెరిపినట్టు రాయించుకోండి. మా యాజమాన్యానికి నా విన్నపం ఇదే. ఇక మీకు: కౌంటర్ దగ్గర కాగితం ఇచ్చేటప్పుడు ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుతారు అని అడగండి. చివరి నాలుగంకెలే కనిపించే ఆధార్ సరిపోయేచోట అదే ఇవ్వండి. సమ్మతి కోరుతూ ఇచ్చే నోటీసు అర్థం కాకపోతే తెలుగులో ఇమ్మనండి. ఆ హక్కు ఈ చట్టమే మీకిచ్చింది.