ఉత్కంఠాపథం

ఆఖరి పేజీ అనే దేవతకు నమస్కరించి ఈ టీక మొదలుపెడుతున్నాను. ఆవిడ పుస్తకంలో ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ తలుచుకోరు. లేని రోజున మూడు వీధుల వాళ్ళు తలుచుకుంటారు.

మూలం:

“సార్, జర మంచి సస్పెన్స్‌ది ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి. రాత్రి నిద్ర పడ్తలేదు.”

అవతారిక. పోయిన కార్తీకంలో ఒక మంగళవారం సాయంత్రం ఆరుంబావుకు, రామంతాపూర్‌లో మా కాలనీ సంఘం హాలు మీది గదిలో పలికిన వాక్యమిది. గదిలో నాలుగు ఇనుప బీరువాలు, ఒక ట్యూబ్‌లైటు, ఒక రిజిస్టరు, వారానికి రెండు సాయంత్రాలు నేను. వక్త డెబ్బై దాటిన మనిషి. రాగానే కుర్చీని గోడవైపు జరుపుకుని, తలుపు కనిపించేలా కూర్చున్నారు. రిజిస్టరులో సంతకం పెట్టమంటే, పెట్టేముందు పైనున్న సంతకాలన్నీ వరసగా ఒకసారి చూశారు. ఈ రెండూ ఆధారాలని మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. నాకు ఆరు వారాలు పట్టింది.

పది మాటల వాక్యానికి ఇంత టీక దేనికంటారా? మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసుకూ భారవికీ మాఘుడికీ టీకలు రాసిన ఆ మహానుభావుడు పెట్టుకున్న నియమం రెండే ముక్కలు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. కిరాతార్జునీయం మీద ఆయన టీకకు ఘంటాపథమని పేరు, అంటే రాజబాట. నా టీకకు ఉత్కంఠాపథమని పెట్టుకున్నాను. ఇది రాజబాట కాదు, రామంతాపూర్ చర్చి వెనక సందు. ఆయన రెండో నియమం ఈ పేరాలోనే తప్పాను కూడా.

దేశవిచారం. వాక్యం ఎక్కడ పుట్టిందో తెలియనిదే అర్థం చెప్పరాదు. రామంతాపూర్ అనగానే ఊరంతా దూరదర్శన్ కేంద్రం అంటుంది. ఊరికి పట్టనిది ఇంకోటుంది. 1964లో పెట్టిన కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. రాష్ట్రాల నుంచి పోలీసు అధికార్లు వచ్చి కేసు ఎలా పట్టాలో నేర్చుకుని పోతారు. అనుమానపు సంతకాలనూ చేతిరాతలనూ పరీక్షించే కేంద్ర కార్యాలయమూ, కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబూ ఈ పేటవే. ఉప్పల్ రోడ్డెక్కి హబ్సిగూడ దాకా పోతే సీసీఎంబీ. మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని లాల్జీ సింగ్ నిలబెట్టింది అక్కడే. దొంగ సంతకం, రాలిన వెంట్రుక, ఎవరి నెత్తురో తేలని మరక, అన్నీ ఒక్క బస్సు టికెట్టు దూరంలో తేలిపోయే చోటిది. ఇక్కడ కూర్చుని డిటెక్టివ్ నవలలు సిఫారసు చేయడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే.

ఇక ప్రతిపదార్థం.

సార్ = ఓ గ్రంథపాలకుడా! సంబుద్ధి. బస్సు కండక్టరుకూ, బడిపంతులుకూ, పేరు తెలియని ఎవరికైనా చెల్లును. ఇందు విశేషము లేదు.

జర = కొంచెము. ఉర్దూ నుండి వచ్చి తెలంగాణమున స్థిరపడినది. సంస్కృతమున జర అనగా ముసలితనము కనుక వక్త వయస్సును బట్టి శ్లేష అని కొందరందురు. ఆ కొందరిలో మా ఆవిడ ఒకరు. ఆవిడ చెప్పేది వక్త గురించి కాదని తరవాత తెలిసింది.

మంచి = తాను ఇదివరకు చదవనిది. నిఘంటువుల్లో ఈ అర్థం లేదు. బీరువా ముందు నిలబడితే ఇంకో అర్థం లేదు.

సస్పెన్స్‌ది = ఉత్కంఠ గలది. విశేష్యము లోపించినది, ‘నవల’ అని అధ్యాహారము చేసుకొనవలెను.

ఇక్కడ పాఠాంతరాలు చాలా ఉన్నాయి. తార్నాక కుర్రవాళ్ళ ప్రతిలో ‘ట్విస్టుది’. హబ్సిగూడ ప్రతిలో ‘థ్రిల్లర్’. యూనివర్సిటీ క్యాంపస్‌లో గ్రూప్స్‌కు చదువుకునే పిల్లల ప్రతిలో ‘మూడు గంటల్ల ఒడిసేది’. పెద్దవాళ్ళ ప్రతిలో ‘డిటెక్టివ్’. ఇవన్నీ పర్యాయపదాలని నమ్మి, చేతికందింది ఇచ్చి, మొదటి ఏడాది సగం మంది పాఠకుల్ని పోగొట్టుకున్నాను.

పర్యాయపదాలు కావు. డిటెక్టివ్ నవలలో హత్య అయిపోయింది, చేసిందెవరు అన్నది మిగిలింది. కొమ్మూరి సాంబశివరావు మనల్ని యుగంధర్ పక్కన కూర్చోబెట్టడు, అసిస్టెంటు రాజు పక్కన కూర్చోబెడతాడు. యుగంధర్‌కు తెలిసిపోయిందని మనకు తెలుస్తుంది, ఏం తెలిసిందో తెలీదు. ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావుకు అదీ తెలీదు కాబట్టి మనం కాస్త ధైర్యంగా ఉంటాం. థ్రిల్లర్ సంగతి వేరు. మధుబాబు షాడోను పట్టుకున్న దుర్మార్గుడెవరో మొదట్లోనే తెలుసు, కట్లు తెంపుకుంటాడా లేదా అన్నదే బెంగ. ఇక సస్పెన్స్. దీన్ని హిచ్‌కాక్ ట్రూఫోకు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. నేను తార్నాకకు తెచ్చి చెబుతాను. ఇరానీ హోటల్లో ఇద్దరు కూర్చుని ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుంటూ క్రికెట్ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. పదిహేను సెకన్ల ఉలికిపాటు, అంతే. అదే, బల్ల కింద బాంబుందని మనకు ముందే తెలిసి, వాళ్ళకు తెలియకపోతే? ఆ పిచ్చి క్రికెట్ కబుర్లు పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి వింటాం. ‘దృశ్యం’లో ఏం జరిగిందో కళ్ళారా చూశాక కూడా కదలకుండా కూర్చున్నది అందుకే.

వ్యుత్పత్తి: ఉత్కంఠ అంటే మెడ పైకెత్తడం. కావ్యాల్లో ఇది హత్యకు సంబంధించిన మాట కాదు, విరహానికి సంబంధించినది. మెడ చాచి దారి చూసే నాయిక విరహోత్కంఠిత. మన పాఠకుల్లో ఆమె సీరియల్ చదువరి; ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ వస్తున్నప్పుడు ఇంటింటికీ ఒకరుండేవారు. విప్రలబ్ధ సంకేతస్థలానికి వచ్చి మోసపోయింది. తీసిపెట్టమన్న పుస్తకం నా మతిమరుపు వల్ల వేరొకరి చేతిలో పోతే గుమ్మంలో నిలబడేది ఆమే. ఖండితది అన్నిటికన్నా దీనస్థితి. ప్రియుడు రాత్రంతా ఇంకొకరింట్లో గడిపి, పొద్దున్నే ఆ గుర్తులతో తిరిగొస్తాడు. పసుపు మరకలతో, కాఫీ చుక్కలతో, నడుం విరిగి వచ్చిన నవలను చూసి మా పాఠకురాలు ఒకావిడ పెట్టిన ముఖం ఏ అలంకారశాస్త్రంలోనూ లేదు. ఆఖరి ఆకు చిరిగిపోయి ఉంటే ఖండిత అన్నమాటకు శబ్దార్థం కూడా కుదురుతుంది.

ఏదన్న = ఏదైనను. వాచ్యార్థము గ్రహింపరాదు. ‘ఏదన్న’ అన్నవారికి ఏదీ నచ్చదన్నది కౌంటరు దగ్గర పుట్టిన న్యాయం. మొదట షాడో ఇచ్చాను. రెండు పేజీలు తిరగేసి బల్ల మీద పెట్టారు: “అందరు తుపాకులు తీస్తున్నరు గని, ఒక్కడు గూడ డైరీ రాస్తలేడు సార్.” ఏ డైరీయో నేను అడగలేదు. ఇది మూడో ఆధారం. తరవాత తులసిదళం చూపిస్తే “దయ్యాలు కోర్టుకు రావు” అన్నారు. యుగంధర్ చూడగానే మాత్రం చెయ్యి చాచారు.

ఉంటే = ఉన్నయెడల. చేదర్థకము. ఈ చిన్నమాటలో గ్రంథాలయశాస్త్రం మొత్తం పడిపోయింది. డ్యూయీ లెక్కన తెలుగు సాహిత్యానికి 894.827. యుగంధర్‌కూ వేయిపడగలకూ ఇంటిపేరు అదే. పుస్తకం నెత్తురుతో తడిసిందో కన్నీళ్ళతో తడిసిందో ఆ అంకె చెప్పదు. కాబట్టి సస్పెన్స్ ఉందా అంటే బీరువాలో వెతికితే దొరకదు, చదివినవాడి బుర్రలో వెతకాలి. రంగనాథన్ 1931లో రాసిన పంచసూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. ఆలోచించండి: మొదటి పేజీలో ఒక్క పేరుతో తేలిపోయే విషయాన్ని రెండువందల పేజీలు సాగదీసేవాడే కదా డిటెక్టివ్ రచయిత! నాలుగో సూత్రాన్ని నిష్ఠగా పాటించేవాడు పుస్తకంతోపాటు హంతకుడి పేరు కూడా చీటీ మీద రాసివ్వాలి. అంతటి సూత్రనిష్ఠాపరులు మా కాలనీలో ఉన్నారు. ఒక నవల మూడో పేజీలో పెన్సిలుతో ‘హంతకుడు డాక్టరు’ అని ఉంటుంది. దాని కింద వేరే పెన్సిలుతో ‘కాడు’. ఆ రెండిటి మధ్య చిక్కుకుని ఆ నవల అసలుకన్నా బాగుంటుందని పేరు తెచ్చుకుంది.

మన వక్త ఆ పేజీని ట్యూబ్‌లైటు కింద వాల్చి చూసి, “రెండూ ఒక్కడి చెయ్యే సార్. ‘డు’ కొమ్ము చూడుండ్రి” అన్నారు. నిజమే. రెండుచోట్లా కొమ్ము ఒకే తీరుగా వంకర తిరిగి ఉంది. పదేళ్ళుగా ఆ ఇద్దరు పాఠకులనూ తిడుతున్నాను. ఒక్కడేనన్నమాట. అప్పటికి అయిదో వారం.

ఇయ్యుండ్రి = ఒసంగుడు. ప్రార్థన. మాది సంఘం గది కాబట్టి ప్రార్థనే. అదే సర్కారు గ్రంథాలయమైతే ఈ క్రియ హక్కును చెబుతుంది. మనిషి ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కట్టే వచ్చాడు.

రాత్రి నిద్ర పడ్తలేదు = స్పష్టము. అని మొదట రాసుకున్నాను. కొట్టేశాను.

పూర్వపక్షం: నిద్రపట్టనివాడు సస్పెన్స్ అడగడమేమిటి? అజీర్తికి మిర్చిబజ్జీ అడిగినట్టుంది. వాక్యానికి యోగ్యత లేదు. దీనికి కొందరి పరిహారం: నిద్ర ఎలాగూ రాదు, ఆ మేలుకువకు తోడు కావాలి. నిజానికి చాలామంది విషయంలో ఇది సరిపోతుంది. నైట్ డ్యూటీ దిగి నాగోలు మెట్రోలో వచ్చే నర్సమ్మ ఒకావిడ ఇలాగే అడుగుతుంది. ఆవిడకు చిన్న చిన్న అధ్యాయాలవి తీసిపెడతాను, స్టేషన్ల మధ్య మూసి తెరవడానికి వీలుగా. ముఖ్యార్థం కుదరనప్పుడు లక్షణార్థం తీసుకోమని శాస్త్రం. గంగ మీద పల్లె అంటే గంగ ఒడ్డున అని.

ఈ వాక్యానికి ఆ ఒడ్డూ సరిపోదని ఆరోవారం తెలిసింది. యుగంధర్‌ను తిరిగిస్తూ ఆయనే చెప్పారు. ముప్ఫై నాలుగేళ్ళు పోలీసు డిపార్ట్‌మెంటు. రామంతాపూర్‌కు మొదట వచ్చింది ఈ డిటెక్టివ్ స్కూల్లో ట్రైనింగుకే, ఎస్సైగా. చెట్లు బాగున్నాయని రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు తీసుకున్నారు. కోప్పడకుండా, గొప్పలు పోకుండా చెప్పారు. దొరకని కేసులకు ఆఖరున ఒక మాట రాసి ఫైలు కట్టేస్తారట: అన్‌డిటెక్టెడ్. “అసుంటియి ఎవనికైన ఉంటయి సార్. నాకు ఒక్కటి...” అని ఆగి, మంచినీళ్ళడిగారు.

నవల ఎలా చదువుతారో కూడా అప్పుడే బయటపడింది. ముందు ఆఖరి పది పేజీలు చదువుతారట. యుగంధర్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, వీడు అని వేలు చూపించేదాకా. “దొరికిండని తెలిస్తే నిమ్మళంగ మొదటి నుంచి చదువుకుంట. నడిమిట్ల ఎప్పుడో నిద్ర పడ్తది.” ఆరు వారాలుగా ఆ మనిషికి ఉత్కంఠ దొరికే పుస్తకాలు వెతికి వెతికి ఇచ్చాను. ఆయన అడిగింది ఉత్కంఠ ఒడిసే పుస్తకం. ఇప్పుడు ఎవరొచ్చినా ఏం ఇష్టమని అడగను. ఎటు నుంచి మొదలుపెడతారని అడుగుతాను. మొహం చిట్లించిన వాళ్ళకు ఒకరకం, సిగ్గుపడిన వాళ్ళకు ఇంకోరకం.

తాత్పర్యం. టీకాకారుడి పని ముడి విప్పడం. ఈ జాతి పుస్తకాలకు మాత్రం విప్పితే పాపం. లండన్‌లో అగాథా క్రిస్టీ నాటకం ‘మౌస్‌ట్రాప్’ 1952లో మొదలైంది. ఆట ముగియగానే నటులే ముందుకొచ్చి, హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని వేడుకుంటారు. అక్కర్లేనిది చెప్పనన్న మల్లినాథుడి ఒట్టు కాళిదాసు కన్నా యుగంధర్‌కే బాగా అతుకుతుంది. నేనూ ఆ ఒట్టు మీదే ఉన్నాను. మా బీరువాల్లోని ప్రతి హంతకుడూ నాకు తెలుసు, ఒక్కణ్ణీ పట్టివ్వలేదు.

ఏడో మంగళవారం. ఆయన వచ్చి, కుర్చీ గోడకు జరుపుకుని, యుగంధర్‌ను బల్ల మీద పెట్టారు. “ఆఖరి ఆకులు లేవు సార్.” చూశాను. కుట్టు దగ్గర పళ్ళలా చింపులు మిగిలి ఉన్నాయి. ఇచ్చేముందు చూసుకోని తప్పు నాది. ఇంతకుముందు ఆయనకిచ్చిన వాటికన్నిటికీ చివర ఉందో లేదో చూసి ఇచ్చాను, దీనికి మరిచాను. ఇంకోటి తీసిస్తానని లేచాను.

“వద్దు. చదివిన. మొదటి నుంచి చదివిన,” అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి, రిజిస్టరు మీద ఉంచారు. “మీరు చదివిన్రు గద. అవునా కాదా, అంతే చెప్పుండ్రి.”

చీటీ విప్పాను. రెండు పేర్లున్నాయి. మొదటిది నవలలో మనిషిది. రెండో పేరు ఆ నవలలో ఎక్కడా లేదు. దాని కింద రెండుసార్లు గీత గీసి ఉంది. నేను తలెత్తి ఆయన వైపు చూసి

(ఇక్కడ గ్రంథపాతం)