పూత మీద బేరం

మా ఆగిరిపల్లి వైపు మామిడి తోటని కాయ చూసి కొనేవాళ్లు తక్కువ. పూత మీదే బేరం. సావుకారు వచ్చి చెట్ల కింద నాలుగడుగులు వేసి, తలెత్తి చూసి, రేటు చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టి పోతాడు. తరవాత మంచు పట్టినా, తేనెమంచు పురుగు పట్టినా ఆ తిప్పలు వేరే. క్యాంపస్ సెలక్షన్లూ ఇదే వరస. కాకపోతే సావుకారు చెట్టుని ప్రశ్నలడగడు.

మా మేనల్లుడు బీటెక్ ఫైనలియర్. "టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ అరవై దాటాలి మావయ్యా, బ్యాక్‌లాగులుండకూడదు" అన్నాడు. అది గడప మాత్రమేనట. లోపల ఆప్టిట్యూడ్ ఉంటుంది: రెండు పంపులు తొట్టి నింపుతుంటే మూడోది ఖాళీ చేస్తుంటుంది. మా తోటలో ఉన్నదే ఒక బోరు, అదీ కరెంటుంటే.

వాడి రెజ్యూమె చూశాను. క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్. హాబీలు క్రికెట్, పాటలు వినడం. పోయిన వేసవి నున్న మామిడి మార్కెట్లో ఉత్తరాది సేఠ్‌తో వచ్చీరాని హిందీలో గంటసేపు వాదించి తరుగు తగ్గించుకొచ్చింది వీడే. కంపెనీలు కమ్యూనికేషనూ, నెగోషియేషనూ అని మొత్తుకునేది దీనికోసమే కదా!

"అది రాయరా" అన్నాను.

"అబ్బే, అది పని మావయ్యా. స్కిల్ కాదు."

ఇంటర్వ్యూలో ముందు జిల్లా అడిగారట. "కృష్ణా సర్... కాదు సర్, ఏలూరు." 2022లో మమ్మల్ని అటు కలిపారని చెప్పేలోపే ఆయన ఏదో రాసుకున్నాడట. కాన్ఫిడెన్స్ లేదని అయ్యుంటుందని వీడి దిగులు. నీ బలహీనత ఏమిటంటే, "ప్రతిదీ పర్ఫెక్టుగా ఉండాలి సర్" అన్నాడట. వీడి హాస్టల్ మంచం కింద ఏముందో చూసినవాణ్ణి, నాకు నవ్వాగలేదు. ఎక్కడికి పంపినా వెళ్తావా అని అడక్కముందే "ఎనీవేర్ సర్!" ఆ మాట మా అక్క చెవిన పడలేదు, నయం.

ఆఫరొచ్చింది. జాయినింగ్ తేదీ రాలేదు. 2022-23లో ఐటీ కంపెనీలు చాలామంది ఫ్రెషర్లని నెలల తరబడి ఇలాగే కూర్చోబెట్టాయి. "మరి అడ్వాన్సేదిరా?" అంది అక్క.

ఈలోగా కాయ దిగింది. లోడుతో నున్న వెళ్తే ఆ సేఠే గుర్తుపట్టి, సీజనంతా తన దగ్గర లెక్కలు చూడమన్నాడు. మావాడు ఫోన్లో రెజ్యూమె తెరవబోయాడు.

"అదంతా ఎందుకుగానీ, తెల్లారుజామున నాలుగింటికి రాగలవా?" అన్నాట్ట సేఠ్.